బోర్డు మీది ఏడాది, పద్దులో లేని పేరు

పోయిన ఆషాఢంలో మా మేనల్లుడు మా చీరల అంగడికి కొత్త బోర్డు పెట్టించాలనుకున్నాడు. పాత రేకు బోర్డు అంచులు తుప్పు పట్టి, అక్షరాల ఎరుపు వెలిసిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. బోర్డులు రాసేవాళ్లు పంపిన నమూనాలో అంగడి పేరు కింద బంగారు రంగులో "స్థాపితం" అన్న మాటా, దాని పక్కన నాలుగు అంకెలకు సరిపోయే ఖాళీ చోటూ ఉన్నాయి. ఆ చోటులో ఏ ఏడాది వేయాలో చెప్పమని అతను నన్ను అడిగాడు. ఇంట్లో పాత సంగతులు తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

నేను చెప్పలేకపోయాను. మా జేజినాయన, అంటే మా తాత, మొదట్లో భుజాన మూట వేసుకుని కోడుమూరు, గూడూరు వైపు పల్లెల్లో తిరిగి చీరలు అమ్మారు. తిరిగే ఓపిక తగ్గాక కర్నూలు పాతపట్టణంలో తెలిసినవారి కిరాణా అంగడి అరుగు మీద సాయంత్రాలు చాప పరుచుకుని కూర్చునేవారు. 1953 అక్టోబరు నుంచి 1956 నవంబరు దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లలో ఊరికి ఉద్యోగస్థుల కుటుంబాలు వచ్చి చేరడంతో అరుగు చాలక, పక్కనే ఒక గది అద్దెకు తీసుకున్నారు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయినప్పుడు ఆ కుటుంబాలతో పాటు గిరాకీ కూడా తరలిపోయింది గానీ గది మాత్రం మాకు మిగిలింది. మూట ఎత్తుకున్న రోజే మా అంగడి పుట్టిందనాలా, అరుగు మీద చాప పరిచిన రోజా, లేక గదికి తాళం వేసుకున్న రోజా?

మేనల్లుడికి ఈ కథంతా అక్కరలేదు, అతనికి ఒక అంకె చాలు. పెళ్లిపట్టు కోసం మా ఊరి కలిగిన కుటుంబాలు మదరాసు వెళ్లి మరీ కొనుక్కొచ్చే నల్లివారి అంగడి 1928లో మొదలైందని అందరికీ తెలుసు. అటువంటి అంకె ఒకటి మనకూ ఉంటే బాగుంటుందని అతని ఆశ. ఈ రోజుల్లో ఏ వీధిలో ఏ చీరల అంగడి చూసినా మూడు తరాల నమ్మకం, నాలుగు తరాల సంప్రదాయం అని రాసి ఉంటోంది. గోడ మీద తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఫోటో ఒకటి, మూలన ఎవరూ నేయని చిన్న మగ్గం బొమ్మ ఒకటి, అక్కడితో వారసత్వం పూర్తయిపోతోంది.

వయసు చెప్పుకోవద్దని నేను అనను. అయితే చీరల అంగడికి వారసత్వం అంటూ ఒకటి ఉంటే అది దాని పద్దు పుస్తకాల్లో ఉంటుందని నా నమ్మకం. ఎవరి చేతి పని అమ్మి తాను బతికిందో, ఎవరికి ఎంత బాకీ పడిందో, ఆ బాకీ ఎప్పుడు తీర్చిందో చెప్పగలిగిన అంగడికే తన ఏడాదిని బంగారు రంగులో రాసుకునే హక్కు ఉంటుంది. ఆ లెక్కన చూస్తే మా అంగడి పుస్తకంలో సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆ సంగతి నాకు 2009లో తెలిసింది.

ఆ ఏడు విజయదశమి సెప్టెంబరు 28న వెళ్లిపోయింది, దీపావళి అక్టోబరు 17న రావలసి ఉంది. రెండు పండుగల నడుమ అంగడిలో సరుకు నిండుగా ఉండే రోజులవి. అక్టోబరు 2న సుంకేశుల దాటి పోటెత్తిన తుంగభద్ర, దానికి తోడు హంద్రీ, రెండూ కలిసి కర్నూలు మీద పడ్డాయి. పాతపట్టణంలో మేడలున్నవాళ్లు మేడలెక్కారు, లేనివాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లారు. నీళ్లు దిగాక నేను వెళ్లేసరికి మా నాయన మోకాలి లోతు బురదలో నిలబడి, అరల్లోంచి చీరలు కాకుండా ముందుగా ఎర్రగుడ్డ చుట్టిన లెక్కల పుస్తకాలను, రోజువారీ చిట్టానూ ఖాతాల ఆవర్జానూ, బయటికి తీస్తున్నారు. చీరలు ఎలాగూ పోయాయి. ఒళ్లు నూలుగా ఉన్నవి ఉతికితే కొంతైనా తేరుకున్నాయి గానీ, పట్టు అంచుల రంగు నూలులోకి దిగి ఒక్కో చీరా ఒక్కో మరకల పటంలా తయారైంది.

పుస్తకాలను మేడ మీద ఎండలో పరిచి, పేజీ పేజీకీ మధ్య పాత న్యూసుపేపరు ముక్కలు పెట్టి, వారం రోజులు ఆరబెట్టాం. అందులో ఒక వింత చూశాను. జేజినాయన సిరా కలంతో రాసిన పేజీలన్నీ నీలిరంగు మబ్బులుగా కలిసిపోయాయి, నాయన బాల్‌పెన్నుతో రాసినవి అక్షరం పొల్లుపోకుండా నిలిచాయి. అంటే బోర్డు మీద గొప్పగా రాసుకోవాలనుకున్న మొదటి తరం లెక్కంతా నదిలో కలిసిపోయి, ఎవరూ ఫోటో కట్టించని రెండో తరం లెక్క మిగిలిందన్నమాట.

అరువు తీసుకున్నవాళ్లందరూ వెతుక్కుంటూ వచ్చి బాకీ కట్టిపోయారని రాయగలిగితే నాకు కూడా బాగుండేది. కొందరు వచ్చారు. కల్లూరు నుంచి ఒక టీచరమ్మ తాను ఇవ్వవలసిన సొమ్ము తానే లెక్క చెప్పి గల్లాపెట్టె మీద పెట్టి వెళ్లింది. చాలామంది రాలేదు, వాళ్ల ఇళ్లూ మునిగాయి, వాళ్లను అడగడానికి నాయనకు నోరు రాలేదు.

రెండు వారాల తర్వాత రాజోలి నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. రాజోలి తుంగభద్ర గట్టున ఉన్న నేతగాళ్ల ఊరు. గద్వాల చీర అని మనం పిలిచే చీరల్లో చాలా భాగం గద్వాల పట్టణంలో కాకుండా రాజోలి, అయిజ, గట్టు లాంటి చుట్టుపక్కల ఊళ్లలోనే పుడుతుంది. కర్నూలు కంటే ముందు ఆ వరద మింగింది రాజోలినే. అక్కడివి గుంట మగ్గాలు. నేత మనిషి కాళ్లు పెట్టుకునే గుంటలోకి నీళ్లు వస్తే మగ్గం తడవడంతో ఆగదు, గుంట నిండా ఒండ్రు పేరుకుని కర్రలు కూడా విరిగిపోతాయి. వాళ్లిద్దరూ కొత్త మగ్గం వేసుకోవడానికి డబ్బు కావాలని, మేము వాళ్లకు ఇవ్వవలసిన పాత బాకీ ఇప్పించమని అడగడానికి వచ్చారు. ఆయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్న పుస్తకం తీశాడు. అందులో మేము తీసుకున్న చీరలు, ఇచ్చిన సొమ్ము, మిగిలినది తేదీలతో సహా ఉన్నాయి.

నాయన మా ఆవర్జా తెరిచి ఆయన బాకీ వెతికారు. పేజీ పైన "రాజోలి" అని ఉంది, దాని కింద 1, 2, 3, 4 అని అంకెలు, ఒక్కో అంకె ముందూ జమ, బాకీ. నాయన తలెత్తి, "నువ్వు నాలుగా, ఏడా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఎంత దారుణమైనదో నాయనకు అప్పుడు తట్టలేదు, నాకు కూడా ఒక్క క్షణం తట్టలేదు. ఆయన తన పేరు చెప్పాడు. మా పుస్తకంలో ఆ పేరు ఎక్కడా లేదు. చివరికి ఆయన పుస్తకంలో ఉన్న అంకె ప్రకారమే నాయన ఇచ్చారు, అది కూడా ఒకేసారి కాదు, సంక్రాంతి దాకా మూడు దఫాలుగా.

ఇదే పుస్తకంలో కొనేవాళ్ల పేజీలు ఎలా ఉన్నాయో చెబితే తేడా తెలుస్తుంది. కల్లూరు టీచరమ్మ, పెద్దకూతురి పెళ్లి, చిలకాకుపచ్చ మీద మిరపపండు ఎరుపు అంచు, రుద్రాక్ష బుట్టాలు అని ఒక పద్దు. ఫలానావారి ఇంట్లో చీర ఏ రంగుదైనా అంచులో నలుపు పడకూడదని ఒక గుర్తు. ఒక ఇంటి ఇద్దరు కోడళ్లకు సారె చీరలు పెట్టేటప్పుడు ధర ఒకటే కావాలి, రంగు ఒకటి కాకూడదు, పెద్దకోడలి అంచు చిన్నకోడలి అంచు కంటే వేలెడు పెద్దదిగా ఉండాలి అని మూడు వాక్యాల పద్దు ఒకటి. దాన్ని రాసింది మా నాయన గానీ, ఆ మూడు వాక్యాల వెనకున్న ఇంటి గొడవంతా ఊరికి తెలుసు. సీమంతానికి ఏ రంగు, గృహప్రవేశానికి ఏ రంగు, అల్లుడింటికి పంపే చీర మీద జరీ ఎంత ఉంటే గౌరవం, ఎంత దాటితే ఆడంబరం అన్న లెక్క మా గుమాస్తాలకు నోటికి వచ్చు. ఊళ్లోని ఆడవాళ్ల యాభై ఏళ్ల శుభకార్యాలన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నాయనడం అతిశయోక్తి కాదు. కొన్న మనిషి పేరు, ఆమె కూతురి పేరు, ఆమె ఇష్టాయిష్టాలు రాసుకున్న చేతికి నేసిన మనిషి పేరు రాయడానికి మాత్రం చోటు దొరకలేదు.

చోటు దొరకకపోవడం ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఆ చీరలో ఏముందో తెలియాలి. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కృష్ణా తుంగభద్రల మధ్య ఎండలు మండే నడిగడ్డలో పట్టు చుట్టుకుని రోజంతా పెళ్లిపందిట్లో కూర్చోవడం ఎంత కష్టమో తెలిసిన మనుషులే ఈ చీరను కనిపెట్టి ఉంటారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఒంటికి చల్లగా ఉండాలి, చూసేవాళ్లకు పట్టుచీరలా కనిపించాలి. ఈ రెండు కోరికలను ఒకే గుడ్డలో కలపడంలోనే పనంతా ఉంది. నిలువు పోగులను పడుగు అంటారు, అడ్డపోగులను పేక అంటారు. నూలు పడుగుకు అటూ ఇటూ పట్టు పడుగు ఉంటుంది. పేకను అటూ ఇటూ మోసే నాడె ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు. ఒంటి పేక అంచు దాకా వచ్చి, అక్కడ అంచు పేకను పెనవేసుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. ఒంటి పోగు అంచులోకి పోదు, అంచు పోగు ఒంట్లోకి రాదు, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. దీన్నే కుప్పడం అంటారు. అలా పట్టుకునే చోటును మెట్లు మెట్లుగా జరుపుకుంటూ పోతే గుడి గోపురాల వరుసలా లేచేవి కోటకొమ్మలు. ఒక మనిషి ఒంటరిగా మూడు నాడెలూ ఆడించలేడు కాబట్టి మగ్గం మీద రెండో మనిషి ఉండాలి, ఆ రెండో మనిషి తరచుగా భార్యే అవుతుంది.

కొంగు దగ్గర పని ఇంకా కష్టం. నూలు పడుగు అక్కడితో ఆగి పట్టు పడుగు మొదలు కావాలి. ఒక్కో నూలు పోగు కొసను ఒక్కో పట్టు పోగు కొసతో వేళ్లతో మెలిపెట్టి కలుపుకుంటూ పోవాలి, అలా వేల పోగులు. ఆ అతుకు చీర మీద సన్నని గీతలా కనిపిస్తుంది. అంగడికి వచ్చిన ఆడపిల్లలు ఆ గీత చూసి, ఇది డ్యామేజీ చీర, ధర తగ్గించండి అని అడగడం నేను ఎన్నోసార్లు విన్నాను. అతుకు లేని గద్వాల చీర కావాలంటే ప్రింటుచీర కొనుక్కోమ్మా అని మా పెద్ద గుమాస్తా జవాబు. నూలూ పట్టూ నీళ్లలో ఒకే తీరుగా ముడుచుకోవు కాబట్టి రెండింటి బిగువు మగ్గం మీదనే సరిచూసుకోవాలి, లేకపోతే మొదటి ఉతుకుకే అంచు కుచ్చిళ్లు పడుతుంది. అంచు పనీ బుట్టాలూ బట్టి ఒక్క చీరకు నాలుగు రోజుల నుంచి పది రోజులు పడుతుంది. పట్టు బెంగళూరు వైపు నుంచి రావాలి, జరీ సూరత్ నుంచి రావాలి. ఇంత పని చేసి, మూటగట్టి, మా అంగడికి తెచ్చిన మనిషి మా లెక్కలో "రాజోలి 4".

ఇక్కడ మా అంగడి తరఫున కూడా మాట్లాడాలి, లేకపోతే ఈ వ్యాసం అన్యాయం అవుతుంది. చేనేత గురించి రాసేవాళ్లు చాలామంది అంగడివాణ్ని దళారి అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నేతగాడు నేస్తాడు, ఆడవాళ్లు కడతారు, మధ్యలో వీడెందుకు అని వాళ్ల వాదన. ఆషాఢమాసంలో ఒక్కసారి నేతగాడి ఇంట్లో కూర్చుని చూస్తే వీడెందుకో తెలుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వచ్చినప్పుడు ఉండవు, ఒక్కో ఏడు ముహూర్తాలే లేక మూడు నెలలు గడిచిపోతాయి. మగ్గం మాత్రం ముహూర్తం చూసుకుని ఆగదు. ఆగితే ఆ వారం పొయ్యి కూడా ఆగుతుంది. ఆ రోజుల్లో నేసిన చీరను ఎవరో ఒకరు కొని, సొమ్ము ఇచ్చి, శ్రావణం దాకా, ఒక్కోసారి పై ఏటి మాఘం దాకా అరలో దాచుకోవాలి. ఆ పని మా అంగడి చేసింది. అమ్ముడుపోక రెండేళ్లు అరలో మురిగిన చీరల నష్టం నేతగాడి మీద వేయకుండా మేమే మోశాం. ఏ అంచు పోతోందో, ఏది పోవడంలేదో, ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లు జానెడు అంచు బరువని జంకుతున్నారో లేదో మగ్గం దాకా మోసుకెళ్లి చెప్పిందీ అంగడే. జేజినాయన రైల్లో గద్వాల వెళ్లి, అక్కడి నుంచి ఊళ్లు తిరిగి ఈ కబుర్లన్నీ చెప్పి వచ్చేవారు.

అయితే ఆ కొనుగోలంతా దయ వల్ల జరిగింది కాదు. ఆషాఢం ధర ఒకటి, శ్రావణం ధర ఒకటి. అవసరంలో ఉన్న మనిషి దగ్గర తక్కువకు కొని పండుగ నాడు ఎక్కువకు అమ్మిన తేడా మీదే మా మేడ లేచింది. నేసేవాళ్లలో కూడా సొంతంగా నూలు కొనుక్కుని నేసేవాళ్లు కొందరు, సావుకారి దగ్గర నూలూ జరీ తీసుకుని మజూరీకి నేసేవాళ్లు చాలామంది. మేము సావుకారికి ఇచ్చిన ధరలో మగ్గం మీది ఇద్దరికీ ఎంత చేరిందో మేము ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాం. అరువు తీసుకున్న టీచరమ్మ కూతురి పెళ్లి ముహూర్తం దాకా తెలిసిన మాకు ఇది తెలియదంటే, తెలుసుకోవడం మాకు లాభం కాదు కాబట్టే తెలియలేదు.

ఒకప్పుడు ఆషాఢం అంగళ్లు కొనే నెల. ఇప్పుడది అంగళ్లు సగం ధరకు అమ్మే నెల. మా మేనల్లుడు కూడా ఆ బ్యానరు కట్టక తప్పలేదు, కట్టకపోతే ఎదుటి అంగడికి వెళతారు. సగం ధరకు ఇచ్చే చీర మీద మిగతా సగం ఎవరు మోశారో ఆ బ్యానరు చెప్పదు. నిరుడు పెంచి వేసిన ధరలో సగమైతే మోసపోయింది కొన్నవాళ్లు, నిజంగా సగమైతే మోసపోయింది నేసినవాళ్లు.

అంగడి అవసరం ఇంకొకటి కూడా ఉంది, అది కళ్లకు సంబంధించింది. చీరను తిరగేసి చూపించేవాడు ఒకడు ఉండాలి. కుప్పడం చీర వెనక్కి తిప్పితే ఒంటి పోగూ అంచు పోగూ పెనవేసుకున్న చోటు వేలికి తగులుతుంది. మరమగ్గం మీద ఆ రూపాన్ని అనుకరించిన చీరలో ఆ పట్టు ఉండదు. చేతిమగ్గం చీరను వెడల్పుగా లాగి పట్టే బద్ద ముళ్లు అంచుల వెంట సన్నని చిల్లులు వదులుతాయి. పట్టు పోగు కాల్చితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలుతుంది, పాలిస్టరు కాల్చితే ఉండ కడుతుంది. జరీని రాయి మీద గీస్తే, అది అసలు వెండి జరీ కాకపోతే, లోపలి రాగి ఎర్రగా బయటపడుతుంది. ఇవేవీ పెద్ద రహస్యాలు కావు గానీ కొనేవాళ్లకు చెప్పేవాళ్లు కావాలి. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం మొదట 22 రకాల వస్త్రాలను, తర్వాత కుదించి 11 రకాలను చేతిమగ్గానికే కేటాయించింది, అందులో కొన్ని రకాల చీరలు కూడా ఉన్నాయి. ఆ చట్టం వీధివీధికీ వచ్చి చీర తిరగేసి చూడలేదు. ఆ పని అంగడివాడు చేయగలడు, చేయకుండా కళ్లు మూసుకోగలడు కూడా. మా అంగడిలో మరమగ్గం చీరలు లేవా అంటే ఉన్నాయి. వాటిని గద్వాల అని అమ్మలేదని మాత్రం చెప్పగలను. కొనేవాళ్లు అలా అనుకుంటున్నప్పుడు ప్రతిసారీ దిద్దామా అంటే చెప్పలేను.

ఇప్పుడు నడిగడ్డ కుర్రవాళ్లు చీర మగ్గం మీద ఉండగానే ఫోటో తీసి వాట్సాప్‌లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అమ్ముతున్నారు. అది చూసి మేనల్లుడు దిగులు పడుతున్నాడు, నాకు సంతోషంగా ఉంది. ఫోటోలో అతని ముఖం ఉంటుంది, పేరు ఉంటుంది. అలా అమ్మగలిగినవాళ్లు కొందరే. మూఢంలో చీర దాచుకునే స్తోమత లేనివాళ్లకు, మజూరీ మగ్గం దిగలేనివాళ్లకు ఇంకా కొంతకాలం అంగడి కావాలి. కావాలి కాబట్టే ఆ అంగడి లెక్క ఎలా రాసుకుంటుందన్నది పట్టించుకోవలసిన విషయం.

పేరు లేకపోవడం మా ఒక్క అంగడి జబ్బు కాదు. 2003లో అమల్లోకి వచ్చిన భౌగోళిక గుర్తింపు చట్టం కింద పోచంపల్లి, ఉప్పాడ, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి, ధర్మవరం ఇలా మన చీరలకు ఒక్కొక్కటిగా గుర్తింపు వచ్చింది. మంచిదే, ఇంకో ఊరివాడు ఆ పేరు వాడుకోకుండా అది కాపాడుతుంది. కానీ అది ఊరి పేరు. మా ఆవర్జాలో "రాజోలి" అన్న అక్షరాలకు ప్రభుత్వం ముద్ర వేసినట్టయింది, దాని కింది అంకె అంకెగానే మిగిలింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఎర్రగుడ్డ పుస్తకాలు అటకెక్కి బిల్లింగు కంప్యూటరు వచ్చింది. అందులో ప్రతి వస్త్రానికీ ఒక కోడు ఉంటుంది, పట్టు వస్త్రమైతే 5007. అంకె నాలుగు నుంచి అయిదు వేల ఏడుకు పెరిగిందని మేనల్లుడితో నవ్వుతూ అన్నాను, అతనికి నవ్వు రాలేదు. కేంద్ర ప్రభుత్వం లెక్కించినప్పుడు 2009-10లో నేతలోనూ నేతకు ముందు పనుల్లోనూ ఉన్నవాళ్లు 43.31 లక్షలు, 2019-20లో 35.22 లక్షలు. ఆ పదేళ్లలో తగ్గిన ఎనిమిది లక్షల మందిలో మా "రాజోలి" పేజీలో కొట్టివేసిన అంకెలు ఎన్నో నేను చెప్పలేను. కొట్టివేత మీద కారణం రాసే అలవాటు కూడా మాకు లేదు.

అదే గద్వాలలో నేసినవాళ్ల ఊసు అందరూ ఎత్తే బట్ట ఒకటి ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం పేరున ఏటా వెళ్లే ఏరువాడ జోడు పంచెలు. వాటిని నేసేవాళ్లు నియమంతో, 41 రోజుల దీక్షతో నేస్తారు. ప్రతి ఏటా పత్రికల్లో ఆ మగ్గం ఫోటో వస్తుంది, నేసినవాళ్లు ఎవరో, ఏ నియమాలు పాటించారో రాస్తారు. అమ్మకానికి పోని బట్ట కాబట్టి దానికి ధర చీటీ లేదు, ధర చీటీ లేని చోట పేరుకు చోటు దొరికింది. దేవుడి బట్టకు ఎవరు నేశారని అడిగిన ఊరు కూతురి పెళ్లిచీరకు ఎందుకు అడగదని నేను ఒకసారి అంగడిలో గట్టిగానే అన్నాను. చీర ఎంచుకుంటున్న పెద్దావిడ ఒకరు తలెత్తి, "ఎప్పుడైనా మీరు చెప్పినారా, మేం అడిగేదానికి?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కుటుంబం నడిపే అంగడి అన్న మాటలో కుటుంబం అంటే ఎవరో కూడా ఆ పద్దులు చూస్తేనే తెలుస్తుంది. పండుగ రాత్రుల్లో ఇంటి ఆడవాళ్లం పదకొండు దాటేదాకా విప్పిన చీరలు మడతలు పెట్టేవాళ్లం, కొంగులకు కుచ్చులు ముడివేసేవాళ్లం, అమ్మ మిషను మీద ఫాల్స్ కుట్టేది. అది ఏ చిట్టాలోనూ ఖర్చుగా పడలేదు. అంగడి మా అన్నకు, తర్వాత అన్న కొడుకుకు వచ్చింది. నేను ముప్పయ్యేళ్లు వేరేవాళ్ల లెక్కలు చూసే ఉద్యోగం చేశాను. ఈ మాట వాటా కోసం చెప్పడంలేదు. మగ్గం మీది రెండో మనిషి ఎందుకు అంకెకు కూడా నోచుకోలేదో నాకు త్వరగా అర్థమవడానికి కారణం ఇది అని చెబుతున్నాను, అంతే.

మేనల్లుడితో నా పోరు నెల రోజులు సాగింది. బోర్డు మీద ఏ ఏడాది కావాలంటే ఆ ఏడాది వేసుకో, దానికి ముందు ప్రతి చీర చీటీ మీద నేసినవాళ్ల పేరు వెయ్యి, సావుకారి ద్వారా వచ్చిన చీర అయితే సావుకారిని అడిగి తెలుసుకుని వెయ్యి అన్నాను. పేరు వేస్తే కొనేవాళ్లు నేరుగా వాళ్లకే ఫోను చేస్తారని అతని భయం. చేస్తారు, కొందరు తప్పకుండా చేస్తారు. ఒక అంగడి బతకడానికి నేసినవాళ్ల పేరు దాచడం ఒక్కటే దారి అయితే ఆ అంగడి బోర్డు మీద ఏ ఏడాదీ వేసుకోకపోవడమే మేలని నేనన్నాను. అతను రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత రాజోలికీ అయిజకూ తానే వెళ్లి వచ్చాడు.

మొన్న ఆదివారం ఫోను చేశాడు. బిల్లింగు చేసే కంప్యూటరులో కొత్త గడి పెట్టించాడట, దానికి "నేత" అని పేరట. "అత్తా, ఆ గడిలో ఇరవై అక్షరాలే పడుతున్నాయి, మొగుడూ పెళ్లాం ఇద్దరూ నేసిన చీరకు ఎవరి పేరు వేయమంటావు?" అని అడిగాడు.

ఇంటిపేరు తీసేసి ఇద్దరి పేర్లూ వేయమన్నాను. బోర్డు ఇంకా పెట్టలేదు.